ఎరిక్ వాన్ స్ట్రోహైమ్: ఎన్ని రీళ్లు తీశాడు, ఎన్ని మిగిలాయి, ఏ ప్రింటు చూడాలి?

మూకీమూర్తి
మూకీల కాలపు వలస నటదర్శకులంటే మనవాళ్లు చాప్లిన్ దగ్గర మొదలుపెట్టి చాప్లిన్ దగ్గరే ఆపేస్తారు. స్ట్రోహైమ్ పేరు ఎత్తితే "తొమ్మిది గంటల సినిమా తీశాడు, కోసేశారు, పాపం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ దారంలో మూడు సంగతులు తేల్చుకుందాం. ఒకటి, మనిషి ఎక్కడినుంచి వచ్చి డైరెక్టరు ఎలా అయ్యాడు. రెండు, ఒకే బొమ్మకి ఒక చోట రెండు గంటలు, ఇంకో చోట మూడున్నర గంటలు అని ఎందుకు ఉంటుంది. మూడు, ఇప్పుడు చూడాలంటే ఏ వెర్షన్ పట్టుకోవాలి. తెలిసినవాళ్లు లెక్కలతో సహా రాయండి. "మేధావిని బలిచేశారు" అనే ఏడుపు పోస్టులు వద్దు, అవి వేరే చోట బోలెడున్నాయి.

వెండితెర_వెనక
మొదటి దానికి నేను.

పుట్టింది వియన్నాలో, 1885 సెప్టెంబరు 22న. తండ్రి బెన్నో టోపీల తయారీదారు, యూదు కుటుంబం. పేరు ఎరిక్ స్ట్రోహైమ్, అంతే. 1909 నవంబరులో న్యూయార్క్ రేవులో దిగేసరికి పేరు మధ్యలో "వాన్" చేరింది. తరవాత తరవాత కౌంట్ బిరుదు, ఆస్ట్రియా అశ్వికదళంలో ఆఫీసరు ఉద్యోగం, రాజాస్థానంతో పరిచయాలు, అన్నీ వచ్చి చేరాయి. సైన్యంలో కొద్దికాలం ఉన్న మాట నిజమే కానీ చెప్పుకున్న హోదా లేదు. బతికున్నన్నాళ్లూ ఈ కథ గట్టిగానే నిలబడింది. 1957లో ఆయన పోయాక గానీ వియన్నా జనన రిజిస్టరు బయటికి రాలేదు.

అబద్ధం అనేసి దాటేయకండి, ఆ అబద్ధమే ఆయన పనిముట్టు. 1914-15 నాటికి లాస్ ఏంజెలెస్ చేరి డైరెక్టరు డి.డబ్ల్యు. గ్రిఫిత్ కంపెనీ చుట్టూ చిన్నాచితకా వేషాలు, అసిస్టెంటు పనులు చేశాడు. యూరప్ కథల సినిమాలకి యూనిఫాం మీద ఏ పతకం ఎటు పెట్టాలి, ఆఫీసరు ఎలా సెల్యూటు కొట్టాలి అని చెప్పేవాడు కావాలి. 1915లో జాన్ ఎమర్సన్ తీసిన "ఓల్డ్ హైడెల్‌బర్గ్"కి ఆయన చేసిన పని అదే, ఒక వేషం కూడా వేశాడు. కౌంటు అని చెప్పుకున్నవాడి మాటకి ఉన్న విలువ టోపీల వ్యాపారి కొడుకు మాటకి ఉండదు కదా.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. జర్మన్ యాసంటేనే జనం మండిపడే రోజులు. మిగతా జర్మన్, ఆస్ట్రియన్ నటులు పేర్లు మార్చుకుని నక్కుతుంటే ఈయన ఎదురు నడిచాడు. గుండు, ఒంటికంటి అద్దం, బిగిసిన మెడ, మడమల చప్పుడు, తెల్ల గ్లవ్స్. "హార్ట్స్ ఆఫ్ ది వరల్డ్", "ది హన్ వితిన్", "ది హార్ట్ ఆఫ్ హ్యుమానిటీ" మూడూ 1918వే. చివరి దాంట్లో ఏడుస్తున్న పసిపిల్లని కిటికీలోంచి విసిరేస్తాడు. జనం ఇష్టంగా ద్వేషించే మనిషి అన్న అర్థం వచ్చే ప్రచార బిరుదు ఆయనకి అంటుకుంది ఇలాంటి పాత్రల వల్లే.

1918 నవంబరులో యుద్ధం ఆగింది. వెంటనే ఆ వేషాలకీ గిరాకీ పోయింది. ఇక్కడే డైరెక్టరు పుట్టాడు. తనకి సరిపడే పాత్ర బజారులో లేకపోతే తనే రాసుకోవాలి. కథ రాసి, యూనివర్సల్ అధిపతి కార్ల్ లేమ్లీని ఒప్పించి, తనే తీసి, తనే విలన్ వేశాడు. అది 1919 నాటి "బ్లైండ్ హస్బెండ్స్". ఆయన పెట్టిన పేరు "ది పినాకిల్". అది జనానికి ఎక్కదని లేమ్లీ మార్చేశాడు, ఈయన సినిమా పత్రికలో ప్రకటన వేసి మరీ నిరసన తెలిపాడు. మొదటి బొమ్మకే నిర్మాత మీద పత్రికకెక్కాడు, గమనించండి.

రీలుపెట్టె
రెండో ప్రశ్నకి ముందు ఈ లెక్క బుర్రలో పెట్టుకోండి, లేకపోతే దారం మొత్తం అయోమయం.

35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. రీలంటే 1000 అడుగులు, అంటే 16,000 ఫ్రేములు. సెకనుకి 16 ఫ్రేముల చొప్పున ఆడిస్తే రీలు 16 నిమిషాల 40 సెకన్లు. 20 చొప్పున 13 నిమిషాల 20 సెకన్లు. టాకీ వేగం 24 చొప్పున 11 నిమిషాలు దాటుతుందంతే. మూకీలకి ఒకే వేగం అని లేదు, కెమెరామన్ చేత్తో క్రాంకు తిప్పేవాడు, హాల్లో ఆపరేటరు తన ఇష్టం. ఆఖరి ఆట ఆలస్యమైతే ఆపరేటరు వేగం పెంచేసేవాడు కూడా.

కాబట్టి 10 రీళ్ల బొమ్మ 20 వేగంతో 2 గంటల 13 నిమిషాలు, 24తో గంటా 51 నిమిషాలు. ఒక్క ఫ్రేము కోయకుండానే 22 నిమిషాల తేడా. ఇంటర్నెట్టులో కనిపించే నిడివి తేడాల్లో సగం ఇదే, కత్తెర కాదు. అందుకే నిమిషాలు చెప్పేవాణ్ణి నమ్మకండి, అడుగులు అడగండి. రీలు ప్రతిసారీ నిండా ఉండదు కాబట్టి రీళ్ల లెక్క కూడా పైపై అంచనాయే.

కత్తెర
డైరెక్టరుగా ఆయన చరిత్రకి ఒక తాళంచెవి ఉంది. ఏ బొమ్మలో తను నటించాడు, ఏ దాంట్లో నటించలేదు అన్నది పక్కపక్కన పెట్టి చూడండి.

"ఫూలిష్ వైవ్స్" (1922). మాంటీ కార్లో సెట్టు యూనివర్సల్ స్టూడియో ఆవరణలో వేశారు, సముద్రం వైపు దృశ్యాలకి ఉత్తరాన మాంటరే తీరంలో ఇంకో సెట్టు. 1920 జులైలో మొదలైన షూటింగు 1921 జూన్ దాకా సాగింది. 3,26,000 అడుగుల ఫిల్ము కాలింది, అంటే కెమెరాలో వాడారు. ఖర్చు యూనివర్సల్ లెక్కలో 11 లక్షల డాలర్లు దాటింది. మధ్యలో రుడాల్ఫ్ క్రిస్టియన్స్ అనే ముఖ్య నటుడు చనిపోయాడు. రాబర్ట్ ఎడెసన్‌ని పెట్టి, వీపు కనిపించేలా తీసి గట్టెక్కించారు. స్టూడియో పగ్గాలు అప్పుడే చేతికొచ్చిన ఇర్వింగ్ థాల్‌బర్గ్ ఇరవయ్యేళ్లు దాటీదాటని కుర్రాడు. స్ట్రోహైమ్‌ని తీసేయాలని ఉన్నా తీసేయలేకపోయాడు. కారణం సులువు: ప్రతి రెండో షాట్‌లో కౌంట్ కరామ్జిన్‌గా ఉన్నది స్ట్రోహైమే. డైరెక్టర్ని తీసేస్తే హీరో పోతాడు, హీరో పోతే తీసిందంతా చెత్తబుట్టకే.

ఆ దెబ్బతో థాల్‌బర్గ్ పాఠం నేర్చుకున్నాడు. తరవాతి బొమ్మ "మెర్రీ-గో-రౌండ్"లో నటించడానికి వీల్లేదన్నాడు, ప్రధాన పాత్ర నార్మన్ కెరీకి ఇచ్చారు. 1922 ఆగస్టు చివర షూటింగు మొదలైంది, అక్టోబరు మొదటి వారంలో స్ట్రోహైమ్ బయట, రూపర్ట్ జూలియన్ లోపల. ఆరు వారాలు. పేరున్న డైరెక్టర్ని షూటింగు నడిమధ్యలో మార్చేయడం హాలీవుడ్‌లో ఎంత సంచలనమంటే, డైరెక్టరు రాజ్యం పోయి నిర్మాత రాజ్యం వచ్చిన రోజుగా చరిత్రకారులు దీన్నే చూపిస్తారు.

"క్వీన్ కెల్లీ"లోనూ నటించలేదు, 1929 జనవరిలో తీసేశారు. నటన ఆయనకి బీమా పాలసీ. ప్రీమియం కట్టని ప్రతిసారీ మునిగాడు.

సుబ్బలక్ష్మి_బి
కత్తెర గారూ, వినడానికి బాగుంది కానీ లెక్క అంత చక్కగా కుదరదండీ.

"ది డెవిల్స్ పాస్ కీ" (1920)లో ఆయన నటించలేదు, అయినా సాఫీగా పూర్తయింది. ఇప్పుడు ప్రింటు లేదు, అది వేరే సంగతి. "ది మెర్రీ విడో" (1925)లో నటించలేదు, ఎంజీఎమ్ స్టూడియోలో థాల్‌బర్గ్ కిందే పూర్తయింది, లాభం 7 లక్షల డాలర్లు దాటింది. ఇక "ది వెడ్డింగ్ మార్చ్"లో హీరో ఆయనే, అయినా 1927 జనవరిలో నిర్మాత ప్యాట్ పవర్స్ షూటింగు ఆపించేశాడు. "గ్రీడ్"లో (ఆ తొమ్మిది గంటల బొమ్మ ఇదే) నటించలేదు, కానీ షూటింగు మధ్యలో ఎవరూ తీసేయలేదు, 1923 మార్చి నుంచి అక్టోబరు దాకా తనకి నచ్చినట్టే తీసుకున్నాడు. దెబ్బ తగిలింది ఎడిటింగు బల్ల మీద.

మీ సూత్రం థాల్‌బర్గ్‌తో జరిగిన రెండు గొడవలకి సరిపోతుంది, జీవితం మొత్తానికి కాదు.

కత్తెర
డెవిల్స్ పాస్ కీ నాటికి థాల్‌బర్గ్ కుర్చీలోకి రాలేదు, కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. వెడ్డింగ్ మార్చ్ ఆపించారు గానీ ఇంకో డైరెక్టర్ని తెచ్చి మిగతాది తీయించలేకపోయారు, ఉన్నదాన్నే రెండు భాగాలుగా అమ్ముకోవాల్సి వచ్చింది. నేనన్నది అదే: నటిస్తే ఆపగలరు, మార్చలేరు. మెర్రీ విడో మాత్రం మీరన్నదే రైటు, అది నా లెక్కకి లొంగదు.

రీలుపెట్టె
గ్రీడ్ అంకెలు:

కాల్చిన ఫిల్ము 4,46,103 అడుగులు.
1924 జనవరిలో కొద్దిమందికి చూపించిన తొలి కూర్పు 42 రీళ్లు. 20 వేగంతో 9 గంటల 20 నిమిషాలు.
స్ట్రోహైమ్ తనే తగ్గించింది 24 రీళ్లు, రెండు రాత్రులు ఆడించాలని.
స్నేహితుడు రెక్స్ ఇంగ్రామ్, ఆయన ఎడిటరు గ్రాంట్ వైటాక్ కలిసి తగ్గించింది 18 రీళ్లు, సుమారు 4 గంటలు.
కంపెనీ టైటిల్ కార్డుల రచయిత జోసెఫ్ ఫార్నమ్ చేతుల్లో పడ్డాక మిగిలింది 10 రీళ్లు. 1924 డిసెంబరు 4న న్యూయార్క్‌లో విడుదలైంది ఇదే.

మధ్యలో జరిగింది కంపెనీల విలీనం. గోల్డ్‌విన్ కంపెనీ ఒప్పుకున్న బొమ్మ ఇది. 1924 ఏప్రిల్‌లో అది మెట్రోతో, మేయర్‌తో కలిసి ఎంజీఎమ్ అయింది. కొత్త కంపెనీలో నిర్మాణ విభాగానికి పెద్ద ఎవరు? థాల్‌బర్గే. యూనివర్సల్‌లో ఎవరి చేతిలో ఉద్యోగం ఊడిందో, వాడే ఇక్కడ మళ్లీ బల్లకి అవతలివైపు కూర్చున్నాడు.

గోదారిగట్టు
4 లక్షల 46 వేల అడుగులు కాల్చడమే దుబారా కదా? 10 రీళ్ల బొమ్మకి 44 రెట్లు ఫిల్ము! ఏ నిర్మాత ఊరుకుంటాడు?

రీలుపెట్టె
అందరూ పడే గోతి ఇదే. భాగించాల్సింది 10తో కాదు. ఆయన దృష్టిలో బొమ్మ 42 రీళ్లు. 4,46,103ని 42,000తో భాగిస్తే దాదాపు పదిన్నర. ఫూలిష్ వైవ్స్ తొలి కూర్పు 32 రీళ్లు; 3,26,000ని 32,000తో భాగిస్తే పదికి కాస్త ఎక్కువ. రెండు బొమ్మలకీ ఒకటే నిష్పత్తి, పదికి ఒకటి. అంటే మనిషి టేకుల మీద టేకులు తీసి ఫిల్ము తగలేసే రకం కాదు. తీసిందాంట్లో పదో వంతు వాడుకునేవాడు, అది ఆ కాలానికీ మన కాలానికీ మామూలే.

ఇప్పుడు చాప్లిన్‌ని చూడండి. "సిటీ లైట్స్"కి 3,14,256 అడుగులు కాల్చి, 8,093 అడుగుల బొమ్మ ఇచ్చాడు. 39కి ఒకటి. దుబారా అంటే చాప్లిన్‌ది. కానీ ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే ఫిల్ము చాప్లిన్ డబ్బుతో కొన్నది, స్టూడియో ఆయనదే, పంపిణీ సంస్థ యునైటెడ్ ఆర్టిస్ట్స్‌లో ఆయన భాగస్వామి. పైగా చివరికి హాలుకి ఇచ్చింది గంటన్నర బొమ్మ.

ఇద్దరూ వలసవాళ్లే, ఇద్దరూ నటించి తీసినవాళ్లే. ఒకడు నెగెటివ్‌కి యజమాని, రెండోవాడు జీతగాడు. స్ట్రోహైమ్ తప్పు ఎక్కువ తీయడం కాదు, ఎక్కువ పొడవు బొమ్మని ఊహించుకుని తీయడం.

మూకీమూర్తి
ఈ నిష్పత్తి లెక్క బాగా తగిలింది. మరి హాలువాడి వైపు నుంచి కూడా ఎవరైనా రాయండి. నాలుగు గంటల బొమ్మ ఆడించలేరా? గ్రిఫిత్‌వి ఆడాయి కదా?

హాలు_గుమాస్తా
ఆడాయి, రోడ్‌షో పద్ధతిలో. అంటే పెద్ద ఊళ్లలో ఒక పెద్ద థియేటరు తీసుకుని, నాటకానికి అమ్మినట్టు సీటు నెంబరుతో టిక్కెట్టు అమ్మి, రోజుకి రెండే ఆటలు, మధ్యలో విశ్రాంతి, కింద ఆర్కెస్ట్రా. గ్రిఫిత్ 1915లో 12 రీళ్ల బొమ్మని రెండు డాలర్ల టిక్కెట్టు మీద అలాగే ఆడించాడు. స్ట్రోహైమ్ చూసి నేర్చుకున్న పాఠం అది.

కానీ 1924 నాటికి ఎంజీఎమ్ వెనక ఉన్నది లోయస్ హాళ్ల గొలుసు. వాళ్ల వ్యాపారం వేరు: పొద్దున్నుంచి రాత్రి దాకా వరస ఆటలు, ఒక పెద్ద బొమ్మ, దానికి తోడు న్యూస్‌రీలు, చిన్న కామెడీ, స్టేజి మీద ఒక అంశం. రెండు గంటల బొమ్మకి రోజుకి నాలుగైదు ఆటలు పడితే, నాలుగు గంటల దానికి రెండే పడతాయి, టిక్కెట్టు ధర మాత్రం పెరగదు. చిన్న ఊళ్లలో అయితే మరీ, బొమ్మ రెండు మూడు రోజులకి మారిపోతుంది. రెండు రాత్రులు రావాలి అంటే మొదటి రాత్రి వచ్చినవాడు రెండో రాత్రి వస్తాడన్న నమ్మకం ఏమిటి?

జర్మనీలో ఇదే కాలంలో ఫ్రిట్జ్ లాంగ్ బొమ్మలు రెండేసి భాగాలుగా విడుదలై ఆడాయి. అక్కడ రెండు భాగాలంటే రెండు టిక్కెట్లు. ఎంజీఎమ్ గ్రీడ్‌ని అలా అమ్మడానికి ప్రయత్నించి ఉండొచ్చు, ప్రయత్నించలేదు, ఆ నింద వాళ్ల మీద ఉంటుంది. అయితే తారలు లేని, పెళ్లాన్ని చంపి ఎడారిలో చచ్చే పళ్ల డాక్టరు కథని రెండు రాత్రులు అమ్మగలిగేవారా అంటే, నాకు అనుమానమే. 10 రీళ్ల బొమ్మకే ప్రచారంతో కలిపి పెట్టిన ఖర్చులో సగం కూడా వెనక్కి రాలేదు.

వెండితెర_వెనక
కోతలో ఏం పోయిందో కూడా చెప్పుకోవాలి. గ్రీడ్‌కి ఆధారమైన ఫ్రాంక్ నారిస్ 1899 నవల "మెక్‌టీగ్"లో మూడు జంటలున్నాయి. మెక్‌టీగ్, ట్రీనా ఒకటి. పాత సామాన్ల జెర్కో, పనిమనిషి మరియా రెండు. ముసలి గ్రానిస్, మిస్ బేకర్ మూడు. డబ్బాశ ముదిరి హత్యకి దారి తీయడం జెర్కో కథలో ముందే జరుగుతుంది, అదే తరవాత ట్రీనాకి జరుగుతుంది. ముసలి జంటది దానికి విరుగుడు, మెత్తటి ప్రేమ. 10 రీళ్లలో జెర్కో పూర్తిగా మాయం, ఆ వేషం వేసిన చేజరే గ్రవీనా ఒక్క ఫ్రేములో కూడా లేడు. మరియా లాటరీ టిక్కెట్టు అమ్మడానికి వచ్చి పోతుంది. ముసలివాళ్లు ఆనవాలుగా మిగిలారు. అందుకే ఇప్పుడున్న బొమ్మలో ట్రీనా పిసినారితనం ఉన్నట్టుండి వచ్చినట్టు అనిపిస్తుంది. అది ట్రీనాగా వేసిన జాసూ పిట్స్ నటనలో లోపం కాదు, మెట్లు తీసేశారు.

లెన్సు_లక్ష్మణ్
గ్రీడ్ కెమెరా పని గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నేను మొదలుపెడతా. కెమెరా బెన్ రేనాల్డ్స్, విలియమ్ డేనియల్స్.

నవలలోని పోక్ స్ట్రీటు 1906 భూకంపంతో రూపు మారిపోయింది. అందుకని శాన్‌ఫ్రాన్సిస్కోలో హేస్, లగూనా వీధుల మూల మీద ఒక పాత భవనం పట్టి, గదులని కథాకాలానికి తగ్గట్టు సర్ది అక్కడే తీశారు. స్టూడియో సెట్టుకి మూడు గోడలే, నాలుగో వైపు దీపాలు, కెమెరా. నిజం గదిలో ఆ జాగా ఉండదు. పైగా కిటికీ బయట వీధి కనిపించాలి. పెళ్లి జరుగుతుంటే కిటికీలోంచి కింద శవయాత్ర పోయే షాట్ ఉంది, లోపలా బయటా రెండూ స్పష్టంగా.

ఇందులో కష్టం ఏమిటంటే, బయట ఎండ, లోపల చీకటి. బయటికి ఎక్స్‌పోజరు పెడితే లోపలి మనుషులు నల్లటి బొమ్మలు, లోపలికి పెడితే కిటికీ తెల్లటి చతురస్రం. లోపల దీపాలు పెంచి బయటి వెలుగుకి దగ్గరగా తేవాలి, లెన్సు రంధ్రం చిన్నది చేస్తే గానీ దగ్గరా దూరం రెండూ ఫోకస్‌లో ఉండవు, రంధ్రం చిన్నదయ్యే కొద్దీ ఇంకా దీపాలు కావాలి. ఇరుకు గదిలో అన్ని దీపాల వేడికి నటుల మొహాలు కారిపోతాయి. అప్పటి ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము ఎరుపుకి గుడ్డిది, చర్మం మీద ప్రతి మచ్చా నల్లగా తేలుతుంది. స్ట్రోహైమ్‌కి అది అడ్డంకి కాదు, కావలసిందే అది.

చివరి దృశ్యాలు డెత్ వ్యాలీలో, నిండు వేసవిలో. లాస్ ఏంజెలెస్‌కి దగ్గర్లో ఇసుక దిబ్బలున్నాయి అక్కడ తీసుకోమని కంపెనీ అన్నా వినలేదు. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడి, అంటే మన లెక్కలో 49. కెమెరాలు కాలిపోతుంటే ఐసులో ముంచిన తువ్వాళ్లు చుట్టారు. వెళ్లిన 43 మందిలో 14 మంది జబ్బుపడి వెనక్కి వచ్చారు. నటుడు జీన్ హెర్షాల్ట్ 27 పౌన్లు తగ్గి ఆస్పత్రి పాలయ్యాడు. ఫలితం తెర మీద కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. ఆ పెదాల పగుళ్లు మేకప్ కాదు. కానీ దీన్ని గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు, మనుషులు చచ్చేవాళ్లు.

గోదారిగట్టు
సైనికుల వేషం వేసిన ఎక్స్‌ట్రాలకి పట్టు లోదుస్తులు, వాటి మీద రాజముద్రలు కుట్టించాడంటారు, మూకీలో మోగే కాలింగ్ బెల్లుకి నిజంగా వైరు లాగించాడంటారు. నిజమేనా?

సుబ్బలక్ష్మి_బి
ఎప్పుడు వచ్చాయో, ఎవరు రాశారో చూస్తే వీటిలో చాలా భాగం పత్రికల మసాలా. స్టూడియో ప్రచార విభాగానికి ఇలాంటి కథలు బంగారం. ఫూలిష్ వైవ్స్ తీస్తున్నప్పుడు యూనివర్సల్ బ్రాడ్‌వేలో విద్యుద్దీపాల బోర్డు పెట్టి ఖర్చు ఎంత అయిందో ఎప్పటికప్పుడు మార్చేది. స్ట్రోహైమ్ పేరులో మొదటి అక్షరం బదులు డాలరు గుర్తు. ఒకవైపు ఖర్చు తగ్గించమని తిట్టడం, ఇంకోవైపు పది లక్షల డాలర్ల బొమ్మ అని అదే ఖర్చుని అమ్ముకోవడం. తరవాత ఉద్యోగం అడగడానికి వెళ్లిన ప్రతి చోటా ఆ బోర్డే ఆయనకంటే ముందు వెళ్లింది.

నిజమైన పట్టింపులు వేరే ఉన్నాయి, తెర మీదే కనిపిస్తాయి. వెడ్డింగ్ మార్చ్‌లో ఆపిల్ చెట్ల పూలు వేలకొద్దీ చేత్తో కట్టినవి. వియన్నా సెయింట్ స్టీఫెన్స్ చర్చి ముందుభాగం సెట్టు. కార్పస్ క్రిస్టీ ఊరేగింపు రెండు రంగుల టెక్నికలర్‌లో.

నైట్రేట్_నాగు
మూడో ప్రశ్న నాది. ఏది చూడాలి, ఎలా చూడాలి.

బ్లైండ్ హస్బెండ్స్: అమెరికాలో చాలాకాలం తిరిగింది 1924లో మళ్లీ విడుదల కోసం కుదించిన ప్రింటు. వియన్నాలోని ఆస్ట్రియా ఫిల్మ్ మ్యూజియం దగ్గర కాస్త పొడుగైన ప్రింటు ఉంది, రంగుల టింటుతో (దృశ్యాన్ని బట్టి ఫ్రేము మొత్తానికి అద్దే ఒకే రంగు). దొరికితే అదే.

ఫూలిష్ వైవ్స్: 1922 జనవరి 11న న్యూయార్క్‌లో 14 రీళ్లతో పడింది, తరవాత 10కి దింపారు, 1928లో ఇంకా కుదించారు. 1972లో అమెరికా ప్రింటునీ, ఇటలీలో దొరికిన ప్రింటునీ కలిపి ఒక కూర్పు చేశారు. ఆ రోజుల్లో రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి తీసేవాళ్లు, ఒక నెగెటివ్ స్వదేశానికి, రెండోది ఎగుమతికి. అందుకే రెండు ప్రింట్లలో ఒకే షాట్ కోణం కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కలిపినప్పుడు చిన్న గెంతు కనిపిస్తుంది, కంగారు పడకండి. 2022లో వచ్చిన కొత్త పునరుద్ధరణలో టింట్లూ, మంటల దగ్గర చేతిరంగూ తిరిగి పెట్టారు. ముందు ఇది చూడండి.

గ్రీడ్: రెండు వెర్షన్లు. మొదట 10 రీళ్లది చూడండి. తరవాత 1999లో రిక్ ష్మిడ్లిన్ కూర్చిన 239 నిమిషాలది. రెండో దాంట్లో కొత్తగా దొరికిన కదిలే ఫుటేజి ఏమీ లేదు, చాలామంది ఇక్కడ మోసపోతారు. పోయిన దృశ్యాల చోట 650కి పైగా స్టిల్ ఫోటోలు, స్ట్రోహైమ్ షూటింగు స్క్రిప్టు ఆధారంగా టైటిల్ కార్డులు పెట్టారు. స్టిల్ ఫోటోగ్రాఫర్ విడిగా తీసిన ఫోటోలు అవి, ఫ్రేములు కావు, కాబట్టి వాటిని బట్టి షాట్ ఎలా ఉండేదో ఊహించొద్దు. కథ నడక అర్థం చేసుకోవడానికి మాత్రం బ్రహ్మాండం. బంగారు పన్ను, నాణేలు, పంజరం పసుపు రంగులో కనిపిస్తే చెడిపోయిన ప్రింటు అనుకోకండి, 1924లోనే వేయించిన రంగు అది.

వెడ్డింగ్ మార్చ్: మొదటి భాగం ఉంది, 1928లో డిస్కుల మీద సంగీతంతో విడుదలైంది. రెండో భాగం "ది హనీమూన్" ఆఖరి ప్రింటు 1959లో పారిస్ సినిమాథెక్ (పాత సినిమాలు దాచే సంస్థ) అగ్నిప్రమాదంలో పోయింది.

చవకబారు కాపీలకి మూడు రోగాలు. ఒకటి, అంతా 24 వేగంతో పరిగెడుతుంది. రెండు, ఎడమవైపు చిత్రం కోసుకుపోయి ఉంటుంది. మూకీ ఫ్రేము ఫిల్ము వెడల్పంతా వాడుకునేది, తరవాత సౌండ్ ట్రాక్ ఉన్న ఫిల్ము మీదకి ఎక్కించినప్పుడు ఎడమ పక్క సుమారు పదో వంతు ట్రాక్ కిందికి పోయింది. టైటిల్ కార్డులో మొదటి అక్షరాలు తెగి ఉంటే ఈ రోగమే. మూడు, టింటు లేకపోవడం. నలుపు తెలుపు ఫిల్ముకి నకలు తీస్తే నీలం రాత్రి కాస్తా పట్టపగలు అవుతుంది.

లెన్సు_లక్ష్మణ్
కోసిన నెగెటివ్ ఎందుకు దాచలేదు అని అడిగేవాళ్ల కోసం: అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్ము నిలవ ఉంచడం ఖర్చు, ప్రమాదం. మండితే ఆక్సిజన్ తనే పుట్టించుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. పాతబడితే జిగురు కక్కి చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. ఫిల్ము మీది పూతలో (ఎమల్షన్) ఉండేది వెండి, కరిగిస్తే ఎంతో కొంత డబ్బు వస్తుంది. విడుదలైపోయిన మూకీ ఇంకెవరికి కావాలి అన్న రోజులు. మన వైపు చూసుకోండి, రఘుపతి సూర్యప్రకాశ్ 1921లో తీసి తనే భీష్ముడి వేషం వేసిన "భీష్మప్రతిజ్ఞ" ఇప్పుడు లేదు. గ్రీడ్‌కి కనీసం 10 రీళ్లు మిగిలాయి.

కత్తెర
క్వీన్ కెల్లీ ఎవరూ విప్పలేదు. 1928 నవంబరు 1న మొదలైంది. నిర్మాత వైపు హీరోయిన్ గ్లోరియా స్వాన్సన్, డబ్బు చూసుకునేది జోసెఫ్ కెనెడీ. ఆఫ్రికా దృశ్యాల్లో ముసలి పెళ్లికొడుకు టల్లీ మార్షల్ పొగాకు రసం ఆమె చేతి మీద పడేలా తీయడంతో ఆమె సెట్టులోంచి వెళ్లి ఫోన్ చేసింది, 1929 జనవరి 21న పని ఆగింది. అందరూ చెప్పేది ఇంతవరకే. అసలు బరువు ఇంకో చోట ఉంది. అప్పటికి టాకీలు వచ్చి ఏడాది దాటింది. స్క్రిప్టులో మూడో వంతు అయ్యేసరికే 8 లక్షల డాలర్లు దాకా పోయాయి, మిగతా రెండొంతులు తీసి పూర్తిచేసినా చేతిలో ఉండేది ఎవరూ కొనని పొడుగాటి మూకీ. పొగాకు రసం లేకపోయినా ఆ షూటింగు ఆగేదే.

హాలు_గుమాస్తా
పైన కత్తెర గారన్నది నిజం. 1929 తరవాత హాళ్లలో యంత్రాలు మారాయి, ఆర్కెస్ట్రాలని తీసేశారు. మూకీ ఆడించాలన్నా సంగీతం వాయించేవాడు లేడు.

మూకీమూర్తి
టాకీల్లో డైరెక్టరుగా ఏమైనా చేశాడా?

సుబ్బలక్ష్మి_బి
ఫాక్స్‌కి "వాకింగ్ డౌన్ బ్రాడ్‌వే" అని ఒకటి తీశాడు, చాలా భాగం వేరేవాళ్లతో మళ్లీ తీయించి 1933లో "హలో, సిస్టర్!" పేరుతో వదిలారు. అంతటితో సరి. తరవాతదంతా నటనే. ఫ్రాన్స్ వెళ్లి డైరెక్టరు జీన్ రెన్వార్ దగ్గర "లా గ్రాండ్ ఇల్యూజన్" (1937)లో కోట కమాండరు రాఫెన్‌స్టైన్. మెడకి ఆ ఇనుప పట్టీ, గడ్డం కింద ఆసరా పెట్టించుకున్నది ఆయనే. 1918లో పొగరుకి గుర్తుగా బిగించిన మెడని ఇక్కడ గాయానికి గుర్తుగా బిగించాడు. 1943లో బిల్లీ వైల్డర్ బొమ్మలో జర్మన్ సేనాని రొమ్మెల్. 1950లో మళ్లీ వైల్డర్ దగ్గరే "సన్‌సెట్ బూలెవార్డ్", ఒకప్పుడు పెద్ద డైరెక్టరై ఇప్పుడు తన హీరోయిన్ ఇంట్లో బట్లరుగా మిగిలినవాడి పాత్ర. ఆ హీరోయిన్ గ్లోరియా స్వాన్సన్. అందులో ఆయన ప్రొజెక్టరు తిప్పి చూపించే పాత మూకీ క్వీన్ కెల్లీయే. సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు రాలేదు. 1957 మే 12న ఫ్రాన్స్‌లోని మోరెపాలో పోయాడు.

గోదారిగట్టు
వారాంతంలో ఒక్కటే చూడగలను. గ్రీడా, ఫూలిష్ వైవ్సా?

నైట్రేట్_నాగు
నటుడు, డైరెక్టరు ఇద్దరూ ఒకే తెర మీద కావాలంటే ఫూలిష్ వైవ్స్, 2022 కూర్పు. గ్రీడ్‌లో ఆయన మొహం కనపడదు. ప్లేయర్లో నిడివి రెండు గంటల పావు కంటే బాగా తక్కువ చూపిస్తే అది పాత కూర్పో, పరిగెత్తించిన కాపీయో, మూసేసి వేరేది వెతకండి. టీవీలో ఫ్రేములు కలిపి మెత్తగా చూపించే మోషన్ సెట్టింగు ఉంటే ఆపేయండి, 20 వేగపు మూకీ మీద అది మనుషుల చేతుల చుట్టూ మసక పుట్టిస్తుంది. తెర వెడల్పుకి సాగదీయొద్దు, 4:3 ఉంచండి, అటూ ఇటూ నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

గోదారిగట్టు
సరే, నాగు గారూ. మోషన్ సెట్టింగు ఆపాను. సంగీతం ఏ ట్రాక్ పెట్టుకోమంటారు?

నైట్రేట్_నాగు
డిస్కుతో వచ్చిందే పెట్టుకోండి, ఆ కూర్పు వేగానికి సరిపడా చేయించింది అది. వేరే పాట తగిలిస్తే పది నిమిషాలకే దృశ్యం ఒక దారి, సంగీతం ఒక దారి.